పంచమం దగ్గర కిర్రుమన్న పెట్టె

ఫణిభూషణ్‌కి వారం రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. పిల్లాడు ప్రేమలో పడ్డాడని వాళ్ళమ్మకి అనుమానం.

ఆ అనుమానం నిజమే. కాకపోతే పడ్డది ఒకరితో కాదు, ఇద్దరితో. ఆ ఇద్దరూ కాకినాడ మెయిన్ రోడ్డులో బాబ్జీ గారి కొట్లో, అద్దాల బీరువాలో పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఒకటి నల్లటి సీడీ ప్లేయరు. నాలుగు మీటలు తప్ప దాని ఒంటి మీద నగా నట్రా ఏమీ లేదు. రెండోది వెండి రంగుది. మీట నొక్కితే చాలు, వెన్నెల రాత్రి సముద్రంలా నీలం దీపాలు కదులుతాయి.

రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుని తేవాలి. ఎంచడంలో తప్పు జరిగిందా, ఆరేళ్ళ కల నీళ్ళపాలు.

ఆ కల ఏమిటంటే, తాయారమ్మ గారి పక్కన కూర్చుని పాడటం.

తాయారమ్మ గారు గాంధీనగరంలో సంగీతం చెబుతారు. డెబ్భైకి దగ్గర పడ్డారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆకాశమంత. ఆవిడ దగ్గర చేరినప్పటి నుంచీ ప్రతి కచేరీలోనూ ఫణి వెనక కూర్చుని తంబురా మీటుతున్నాడు. తంబురాలో ఏముంది? నాలుగు తీగెలు, అందులో చివరిది లోతుగా పలికే మంద్రం. ఒకదాని తర్వాత ఒకటి, పాట మొదలైన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా అదే పని. పైగా కచేరీకి ముందు బిరడలకి, అంటే తీగెలు చుట్టి ఉండే ఆ చెక్క మరలకి, జారిపోకుండా సుద్దముక్క రాయాలి. "సుద్ద రాశావురా?" అని తాయారమ్మ గారు అడగని కచేరీ లేదు. ఆ మాట వినపడినప్పుడల్లా ఫణికి ప్రాణం చివుక్కుమనేది. మీసాలొచ్చాక కూడా సుద్దముక్కేమిటి!

ఇలా ఉండగా, ఊళ్ళో కళ్ళ డాక్టరు ఒకాయనకి బదిలీ అయింది. అమ్మగారి పాటంటే ప్రాణం ఆయనకి. పోతూ పోతూ తన ఆంప్లిఫయరూ, పదేళ్ళ పిల్లంత ఎత్తున్న స్పీకర్లూ తెచ్చి ఆవిడ ముందుగదిలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ స్పీకర్లు కొన్నాళ్ళు నోరు లేని అతిథుల్లా ఊరికే నిలబడ్డాయి. అంతలో బెజవాడ నుంచి పార్శిల్ వచ్చింది. తాయారమ్మ గారి సీడీ! ఇన్నేళ్ళ పాటలో ఇదే మొదటిది.

సీడీ వచ్చింది, స్పీకర్లున్నాయి, మధ్యలో దాన్ని పాడించే పెట్టె లేదు. శిష్యులందరూ తలా కాస్త డబ్బు వేసుకున్నారు.

"చెవులున్నవాణ్ణి నేనేనని ఊరంతా చెప్పుకు తిరుగుతావుగా, నువ్వే వెళ్ళి తీసుకురా," అన్నారు తాయారమ్మ గారు.

"తమ్ముడూ, చెవులతో పాటు తలకాయ కూడా పట్టుకెళ్ళు," అంది రాజ్యలక్ష్మి. అమ్మగారి శిష్యులందరిలోకీ పెద్దది, బళ్ళో టీచరు.

ఫణి నవ్వలేదు. ధైర్యం కూడగట్టుకుని అడిగేశాడు. "అమ్మగారూ, ఆదివారం సభవాళ్ళ కచేరీ ఉంది కదండీ. ఈసారైనా పక్కన కూర్చుని పాడనిస్తారా?"

తాయారమ్మ గారు వాడి మొహంలోకి చూశారు. "ముందు మంచి పెట్టె ఏదో తెలుసుకుని రా. అది తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోక ఏం చేస్తాను?"

అంతే! ఇక ఫణి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ సీడీలో ఏముందో వాడికి తెలుసు. రికార్డింగప్పుడు తంబురా మీటింది వాడేగా. ఆ రోజుని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బెజవాడలో అద్దాల గది. మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత చిన్నది. చలికాలం దాచిపెట్టినట్టు ఏసీ. వీళ్ళు సర్దుకుని కూర్చున్నారో లేదో ఎర్రబల్బు వెలిగింది. తాయారమ్మ గారు కల్యాణి రాగం ఎత్తుకున్నారు. ఫణి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. పాట మెట్టు మెట్టూ ఎక్కి ఐదో స్వరం, పంచమం దగ్గరికి వచ్చింది. వచ్చి, నిలబడిపోయింది. కదలదు! గాలి ఆగిన దీపంలా అలాగే నిలబడింది. ఎంతసేపో! ఫణి కళ్ళు తెరిచి చూసేసరికి ఆవిడ కుడిచెయ్యి వెనగ్గా, తల మీదుగా లేచి గాలిలో ఉంది. ఆకాశంలోంచి పండు కోస్తున్నట్టు.

ఈ కథ ఫణి నోట వినని మనిషి కాకినాడలో లేడు. చెప్పిన ప్రతిసారీ ఆ పంచమం ఇంకాస్త పొడుగయ్యేది. ఆ చెయ్యి ఇంకాస్త పైకి లేచేది.

అలాంటి పంచమాన్ని మొయ్యగల పెట్టె కావాలి. లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లీషు పత్రికలు తిరగేశాడు. సగం అర్థమైంది. అర్థం కాని సగం ఇంకా అందంగా ఉంది.

వారం తిరిగాక ఓ పొద్దున సీడీని జేబురుమాల్లో చుట్టుకుని కొట్టుకి వెళ్ళాడు.

"ఆయ్, రండి రండి ఫణి గారూ! ఇయ్యాలన్నా తేలుద్దా, రేపు కూడా వస్తారా?" అన్నారు బాబ్జీ గారు.

"ఇవాళ తేల్చేస్తానండీ. సీడీ తెచ్చాను."

"అదీ మాట! ముందు నల్లదాన్ని ఎత్తి చూడండి. బరువుంది కదా? లోపల సరుకుంటేనే బరువండి. సీడీ పల్లెం ఎలా వస్తదో చూడండి."

చప్పుడు లేకుండా, అరచెయ్యి చాచినట్టు, పళ్ళెం బయటికొచ్చింది. ఫణి సీడీని అందులో పెట్టాడు. మీట నొక్కాడు.

ముందు పాట రాలేదు, గది వచ్చింది. ఆ అద్దాల గది, ఆ చలి, అందులో ఎవరో ఊపిరి తీసుకోవడం. ఆ తర్వాత గొంతు. గొంతు వెనక తంబురా. ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా మట్టిగాజు గాజుకి తగిలి సన్నగా టిక్కుమంటోంది.

"బాబ్జీ గారూ! అమ్మగారు ఇక్కడే ఉన్నారండీ!"

"ఎక్కడండీ? కుర్చీ ఎయ్యమంటారా?"

ఫణి వినే స్థితిలో లేడు. కల్యాణి మెట్లెక్కుతోంది. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది, పంచమం! నిలబడింది. ఫణికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

కిర్ర్.

ఫణి ఉలిక్కిపడ్డాడు. "ఆపండి! ఆపండి! మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టారు. అదే పంచమం, అదే చోట, కిర్ర్.

"మీ మిషను మూలుగుతోందండీ."

"మిషను మూలగడమేంటండీ? దానికేమన్నా మోకాళ్ళ నొప్పులా?"

"ఇది మామూలు పంచమం కాదండీ. పెట్టె మొయ్యలేకపోతోంది."

బాబ్జీ గారు ఇంకేదో సీడీ తీసి పెట్టారు. సన్నాయి మోగింది. ఎక్కడా కిర్రులేదు, మర్రులేదు. "చూశారా?"

"అది తేలికపాటి సంగీతమండీ. మా అమ్మగారి దగ్గరికొచ్చేసరికి దీని బండారం బయటపడింది."

"మీ చెవులకో దణ్ణమండి," అని బాబ్జీ గారు వెండి రంగుదాని మీట నొక్కారు. నీలం సముద్రం కదిలింది.

అందులో పాట పాకంలా జారింది. పంచమం వచ్చింది, నిలబడింది, నున్నగా వెళ్ళిపోయింది. చప్పుడన్నది లేదు. ఫణి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇదేనండీ! కట్టండి!"

రిక్షాలో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మెయిన్ రోడ్డు రెండు పక్కలా జనం తనకోసమే నిలబడ్డట్టనిపించింది. ఆదివారం కచేరీకి ఏ చొక్కా వేసుకోవాలో కూడా దారిలోనే తేల్చేశాడు.

తాయారమ్మ గారు ముందుగదిలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఫణి వైర్లన్నీ కలిపి సీడీ పెట్టాడు. ఆవిడ ఈనెలు తీస్తూనే విన్నారు. పంచమం వచ్చి వెళ్ళింది. పాట అయిపోయింది.

"బాగుందిరా. తేనె పోసినట్టుంది."

ఫణి గాల్లో తేలాడు.

"నా గాజేదిరా?"

"అండీ?"

"నా మట్టిగాజులు. ఆ రోజు పాడుతుంటే ఒకటే తగలడం. రికార్డు చేసే అబ్బాయి తీసెయ్యమన్నాడు. కొబ్బరినూనె రాసినా రాలేదు కదా. ఏవీ? వినపడవేం?"

ఫణి తడబడ్డాడు. "అవీ... ఆ నల్లదాన్లో వినపడ్డాయండీ. కానీ ఆ పెట్టెలో చెడుందండీ. పంచమం దగ్గర కిర్రుమంటోంది."

ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది. "ఒక్కసారేనా?"

"ఒక్కసారేనండీ. రెండుసార్లు పెట్టి చూశాను. అదే చోట."

"కిర్రుమన్నాక తంబురా ఎలా ఉంది?"

ఫణి ఆలోచించాడు. "మంద్రం తీగె... అప్పట్నుంచి ఇంకా నిండుగా పలికిందండీ."

తాయారమ్మ గారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపారు. చేతులు కొంగుకి తుడుచుకున్నారు.

"తంబురా తే."

తెచ్చాడు.

"నా వెనక కూర్చో. అంత దూరం కాదు, ఆ రోజులాగా, మోకాలు తగలాలి. మీటు. కళ్ళు మూసుకో. నీకలవాటేగా."

ఫణి కళ్ళు మూసుకున్నాడు. నాలుగు తీగెలూ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. తాయారమ్మ గారు మెల్లగా కల్యాణి ఎత్తుకున్నారు. మళ్ళీ ఆ మెట్లు. మళ్ళీ ఆ పంచమం. నిలబడింది. ఫణి ఎప్పట్లాగే అందులో కొట్టుకుపోయాడు. చిక్కుడుకాయలు లేవు, గాంధీనగరం లేదు, తాను లేడు.

చెవి పక్కనే, కిర్ర్.

కళ్ళు తెరిచాడు.

ఆవిడ కుడిచెయ్యి వెనగ్గా, తల మీదుగా లేచి ఉంది. గాలిలో కాదు. వేళ్ళు తంబురా బిరడ మీద ఉన్నాయి. గొంతు ఇంకా పంచమం మీదే ఉంది.

ఫణి వేళ్ళు ఆగిపోబోయాయి. ఆపకు అన్నట్టు ఆవిడ తల ఊపారు. మీటాడు. మీటుతుంటే ఆ అద్దాల గది గుర్తొచ్చింది. గదిని చూస్తూ, అద్దాల్ని చూస్తూ, ఎర్రబల్బుని చూస్తూ కూర్చున్నాడు. అమ్మగారు అడిగేలోపే బల్బు వెలిగింది. సుద్దముక్క చేతిసంచీ అడుగునే ఉండిపోయింది.

పాట ఆగింది. ఫణి తల ఎత్తలేదు.

"ఆ రికార్డు చేసే అబ్బాయి మళ్ళీ పాడదామన్నాడు. నేనే వద్దన్నాను," అన్నారు తాయారమ్మ గారు.

"ఎందుకండీ?" అన్నాడు ఫణి.

"ఓరి పిచ్చివాడా, నీ తీగె జారకపోతే అంతసేపు ఆ పంచమం మీద ఉండేదాన్నా నేను?"

ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. "లే. పెట్టె మార్చుకు రా. భోజనానికి కొట్టు కట్టేస్తాడు."

ఫణి పరిగెత్తాడు. సిగ్గుతో పరిగెత్తాడో సంతోషంతో పరిగెత్తాడో వాడికే తెలియలేదు. గుండె మాత్రం మృదంగంలా మోగుతోంది. రిక్షా అతన్ని తొందర పెట్టి పెట్టి, పెట్టెని గుండెకి హత్తుకుని మళ్ళీ బాబ్జీ గారి కొట్లోకి దూకాడు.

"ఏమండీ ఫణి గారూ! ఇదీ మూలిగిందేంటండీ?"

"లేదండీ. ఇది మూలగడం లేదు. అందుకే తెచ్చేశాను. ఆ నల్లది ఇవ్వండి."

బాబ్జీ గారు వాడి కళ్ళలోకి ఒకసారి, పెట్టె వంక ఒకసారి చూశారు. "మూలిగేదే కావాలా?"

"మూలిగేదే కావాలండీ!"

"మరి నేను మొదట అదే కదండీ..." అనబోయి, ఎందుకొచ్చిన గొడవని ఊరుకుని, నల్లదాన్ని జాగ్రత్తగా కట్టి ఇచ్చారు.

వచ్చే దారిలో బడి పుస్తకాల కొట్టు దగ్గర ఒక్క నిమిషం రిక్షా ఆపించి, ఏదో కొని జేబులో వేసుకున్నాడు ఫణి.

సాయంత్రానికి శిష్యులందరూ చేరారు. గది నిండిపోయి కొందరు గుమ్మంలో కూర్చున్నారు. పేరంటంలా ఉంది. రాజ్యలక్ష్మి అందరికీ శనగలు పంచింది. ఫణి నల్లపెట్టెలో సీడీ పెట్టాడు.

"అమ్మో, గాజుల చప్పుడు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. తాయారమ్మ గారు తన చేతి గాజుల్ని చూసుకుని మురిసిపోయారు.

కల్యాణి ఎక్కుతోంది. అందరి చేతుల్లోనూ శనగలు అలాగే ఉండిపోయాయి. పంచమం వచ్చింది. నిలబడింది.

కిర్ర్.

"అయ్యో, ఏమిటా చప్పుడు?" అంది రాజ్యలక్ష్మి. "ఫణీ! వారం రోజులు తిరిగి తిరిగి తెచ్చింది ఇదా? బంగారంలాంటి పంచమం దగ్గర కిర్రుమంటోందేమిట్రా!"

"వెనక్కిచ్చెయ్ ఫణీ. గ్యారంటీ ఉంటుందిగా," అన్నారు గుమ్మంలోంచి.

"చెవులు చెవులన్నాడు. తీరా చూస్తే..."

ఫణి తాయారమ్మ గారి వంక చూశాడు. ఆవిడ వాడి వంక చూడటం లేదు. స్పీకరు వంక చూస్తూ పాట వింటున్నారు. ఆవిడ చెప్పరు. ఆ సంగతి వాడికి అర్థమైంది. తాను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెట్టెదే తప్పనుకుంటారు. చెబితే, ఊరంతా చెప్పుకు తిరిగిన పంచమం కథ అందరి ముందూ తిరగబడుతుంది. ఇక ఆదివారం పక్కన కూర్చోవడం మాట దేవుడెరుగు, వెనక తంబురా అయినా ఇస్తారో ఇవ్వరో.

పాటలో పంచమం ఇంకా నిలబడే ఉంది.

"పెట్టె మంచిదే అక్కా," అన్నాడు ఫణి. "ఆ చప్పుడు పెట్టెది కాదు. నాది."

"నీదేమిటి?"

"ఆ రోజు నేను సుద్ద రాయలేదు. బిరడ జారింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. అమ్మగారు పాడుతూనే చెయ్యి వెనక్కి పెట్టి తీగె బిగించారు." "ఆకాశంలోంచి పండు కోశారని మీ అందరికీ చెప్పానే... ఆ చెయ్యే అది."

రాజ్యలక్ష్మి చేతిలో శనగలు కింద పెట్టింది. పాట అయిపోయింది. ఫణి మీట నొక్కితే సీడీ పళ్ళెం చప్పుడు లేకుండా బయటికొచ్చింది.

ఫణి లేచాడు. మూలనున్న తంబురా తీసుకుని, ఎప్పుడూ కూర్చునే చోటికి, అమ్మగారి వెనక్కి నడిచాడు.

"అది ఇలా ఇవ్వు," అన్నారు తాయారమ్మ గారు.

ఇచ్చాడు. ఇక అది కూడా పోయిందనుకున్నాడు.

ఆవిడ తంబురాని భుజానికి ఆనించుకుని మెల్లగా వెనక్కి జరిగి, వాడి చోట్లో కూర్చున్నారు. ముందు ఖాళీ అయిన చాపని చేత్తో తట్టారు.

"కూర్చో. కల్యాణి ఎత్తుకో."

"అమ్మగారూ! మీరు... తంబురా మీరా?"

"ఏం, నాకు రాదనుకున్నావా?"

గది ఘొల్లుమంది. ఫణి నవ్వలేకపోయాడు. వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. ఆవిడ మోకాలు వాడి వీపుకి తగిలింది.

తాయారమ్మ గారు ఒక్కొక్క బిరడనీ తిప్పి చూశారు. మంద్రం తీగె దగ్గర ఆగారు. ముందుకి అరచెయ్యి చాచారు.

"సుద్ద ఏదిరా?"

అప్పటికే ఫణి చెయ్యి జేబులో ఉంది.